బయటి మాట

ఆ గదిలో నీళ్ళ ల్యాబమ్మంత మర్యాదగా మాట్లాడే మనిషి ఇంకొకరు లేరని ఇప్పటికీ అందరూ అంటారు. ఎదుటివాళ్ళ మాటను మధ్యలో అందుకోదు. "మీరన్నది నాకు ఇలా అర్థమైంది, సరేనా?" అని అడిగి, వాళ్ళు సరేనన్నాకే జవాబు చెబుతుంది. గొంతు పెంచదు. ఆ తీరు చూసి ముచ్చటపడి, తమ ఇంటి పిల్లల్ని తీసుకొచ్చి వెనక వరసలో కూర్చోబెట్టినవాళ్ళు కూడా ఉన్నారు. ఆ మర్యాద ఏ మంట మీద కాగిందో మాత్రం వాళ్ళలో చాలామందికి తెలియదు.

ఆమె ఉద్యోగం నీళ్ళ పరీక్ష. ట్యాంకుల నుంచీ బడుల నుంచీ హోటళ్ళ నుంచీ వచ్చిన సీసాలను వరసగా పెట్టుకుని, ఒక్కోదాంట్లోంచి కాస్త నీరు తీసి గాజు పళ్ళెంలో పేరుకున్న జెల్లీ మీద పోసి, మూతపెట్టి, వెచ్చటి పెట్టెలో ఉంచుతుంది. ఆ నీటిలో కంటికి కనపడకుండా దాక్కున్నది ఏదైనా ఉంటే, మర్నాటికి జెల్లీ మీద చుక్కలు చుక్కలుగా తేలుతుంది. తొందరపడి మూత తీస్తే గాలిలోది వచ్చి పడి పరీక్ష పాడవుతుంది. మూత తీయకుండా కూర్చోగలగడమే ఆ పనిలో సగం విద్య. ఇంటికొస్తే లిఫ్టులు బాగుచేసే మొగుడు, మంచం మీద కూర్చునే ఇల్లంతా నడిపే అత్తయ్య, నాలుగో ఏడు నడుస్తున్నా ఇంకా నోరు విప్పని పాప.

పాపకు చెవులు బాగానే వినపడుతున్నాయని డాక్టరు చెప్పాడు. "కొంతమంది పిల్లలు ఆలస్యంగా మొదలుపెడతారమ్మా, చూద్దాం" అన్నాడు. ఆ 'చూద్దాం' ఆమె గొంతులో ముల్లులా ఇరుక్కుంది. చదువుకున్నది సైన్సు కదా, ఎక్కడ ఏ జబ్బు గురించి చదివినా దాని లక్షణాలన్నీ పిల్లలో వెతుక్కునేది. పాప గ్లాసు కోసం చెయ్యి చాపిన ప్రతిసారీ "నీళ్ళు" అని, గ్లాసు వదలకుండా ఒక్క క్షణం ఆగి, ఆ పెదాల వంక చూసి, అప్పుడు వదిలేది. పాప ఒంటరిగా ఆడుకుంటున్నప్పుడు తలుపు చాటున నిలబడి చెవులు రిక్కించేది. సీసా మూతలను రంగుల వారీగా పేర్చుకుంటూ పాప ఏదో కూనిరాగం తీసేది. అంతవరకే.

ఇంత గుబులు మోస్తున్న మనిషికి వారానికొకసారి ఊపిరాడే చోటు చెప్పుల షాపు మీది గది. మెట్లెక్కుతుంటేనే కొత్త రబ్బరు వాసన కొట్టే ఆ గదిలో ఆదివారం సాయంత్రాలు వాదనలు జరిగేవి. గ్రంథం గురించి, సృష్టి గురించి, నక్షత్రాల గురించి, రాళ్ళలో దొరికిన ఎముకల గురించి. నమ్మేవాళ్ళూ వచ్చేవారు, నమ్మనివాళ్ళూ వచ్చేవారు, ఇంట్లో ఫ్యాను పనిచేయక వచ్చేవాళ్ళూ ఉండేవారు. ఆమె నమ్మే మనిషే. పొద్దున్నే గ్రంథం తెరవనిదే ల్యాబుకు వెళ్ళేది కాదు. కానీ అక్షరానికి అక్షరం పట్టుకుని వేలాడాలంటే మాత్రం ఒప్పుకునేది కాదు.

అక్షరానికి అక్షరం పట్టుకునే మనిషి ఆ గదిలో ఒకాయన ఉండేవాడు. ప్రింటింగ్ ప్రెస్సులో జీవితమంతా తప్పులు దిద్ది రిటైరైన ప్రూఫుల మాస్టారు. వెనకాల అందరూ కామా గారనేవారు. హోటల్‌కి వెళ్తే మొదట బోర్డు మీది అక్షర దోషాలు చెప్పి, ఆ తర్వాతే టీ అడుగుతాడని పేరు. అయితే ఆ గదికి ఒక పద్ధతంటూ ఏర్పరచింది కూడా ఆయనే. అధ్యక్షుడి బల్ల మీద ఒక ఇత్తడి గంట ఉండేది. ఎవరైనా విషయం వదిలి పక్కదారి పట్టినా, మనిషి మీదికి పోయినా అధ్యక్షుడు గంట కొట్టాలి. మనిషి మీదికి పోయినప్పుడైతే దెబ్బ తిన్న మనిషి లేచి, "ఇది బయటి మాట" అని, ఎందుకు బయటిదో తన నోటితో చెప్పాలి. అన్న మనిషి "వెనక్కి తీసుకుంటున్నాను" అనాలి. అంతటితో సరి, మళ్ళీ దాని ఊసెత్తకూడదు. గంట మోగకపోతే మాత్రం ఆ మాట సభలోదే, ఎవరూ వెనక్కి తీసుకోనక్కర్లేదు. మాస్టారు రాసిన నియమాల్లో ఒక్క అక్షరం అటూ ఇటూ అయ్యే వీల్లేదు.

ఆ ఆదివారం విషయం: సృష్టి ఆరు రోజుల్లో జరిగిందని గ్రంథం అంటున్నది కదా, ఆ రోజు మన రోజేనా?

మాస్టారు లేచాడు. "గ్రంథంలో రోజు అని ఉంది. యుగం అని రాయదలుచుకుంటే ఆ మాటే రాసేవారు. జీవితమంతా ప్రూఫులు చూసినవాణ్ణి, చెప్తున్నాను. రాసింది రాసినట్టు చదవడం రానివాళ్ళు ముందు చదవడం నేర్చుకోవాలి."

ల్యాబమ్మ లేచింది. "మాస్టారూ, రాసిన మాటకి మామూలు అర్థమే తీసుకోవాలి అంటున్నారు. అంతేనా?"

"అంతే."

"మరి కిందటి వారం మీరే అన్నారు, 'మా నాయనమ్మ రోజుల్లో చెప్పులు ఇలా తెగేవి కావు' అని. మీ నాయనమ్మ రోజు ఎన్ని గంటలు మాస్టారూ?"

గది గొల్లుమంది. అధ్యక్షుడి కుర్చీలో ఉన్న మందుల షాపాయన కళ్ళజోడు తీసి మరీ నవ్వాడు. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి.

"మాటలకి అర్థాలు బాగా చెప్తున్నావమ్మా. సృష్టి మాటతోనే మొదలైందని గ్రంథం చెప్తోంది. మీ ఇంట్లో ఆ మాట ఇంకా మొదలవలేదటగా?"

ముందటి నవ్వు ఇంకా ఆగలేదు. ఆ నవ్వు మీదే ఇంకో నవ్వు లేచింది. కొందరు అర్థమై నవ్వారు, కొందరు పక్కవాళ్ళు నవ్వారని నవ్వారు. మందుల షాపాయన కళ్ళు తుడుచుకుంటూ, ఏమన్నారేమన్నారు అన్నట్టు తలతిప్పి, తనూ నవ్వేశాడు. గంట బల్ల మీద అలాగే ఉంది.

ఆమె చేతిలో ఇంకో వాదన సిద్ధంగా ఉంది. సూర్యుడు పుట్టకముందు రోజును దేనితో కొలిచారు అన్నది. అది మరిచిపోయింది. "నేను చెప్పాల్సింది అయిపోయింది" అని కూర్చుంది. చుట్టూ ఉన్న ముఖాల్లో నవ్వే పళ్ళు మాత్రమే కనిపించాయి.

ఇంటికొచ్చి చెప్పులైనా విడవకుండా అడిగింది: "పాప సంగతి ఆయనకెవరు చెప్పారు?"

అత్తయ్య కొంగు సర్దుకుంది. "అరవకమ్మాయ్. నేనే చెప్పాను. పెద్దాయన, ప్రార్థన చేస్తాడని చెప్పాను. పిల్లకి మంచి జరుగుతుందనే కదా."

"చేశాడు అత్తయ్యా. అందరి ముందూ చేశాడు."

జరిగింది విని మొగుడు చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "రేపు వెళ్ళి కాలర్ పట్టుకుంటాను."

"మీరు కాలర్ పట్టుకుంటే ఆయన దేవుడైపోతాడు, మనం రౌడీలమవుతాం. ఊరుకోండి."

"అయితే వదిలేస్తావా?"

"వదలను."

పాప వచ్చి ఆమె వేలు పట్టుకుని కుళాయి వైపు లాగింది. "నీళ్ళు" అంది ఆమె. పాప ఊరుకుంది. ఆమె గ్లాసు నింపి ఇచ్చి, ఈసారి పెదాల వంక చూడలేదు. చూస్తే ఆ నవ్వు మళ్ళీ వినపడుతుందని భయం వేసింది. తన పిల్ల ముఖం చూడటానికే భయపడేలా చేశాడే ముసలాడు, అనుకుంది. అక్కడితో నిర్ణయం అయిపోయింది. ఆయన నోటితోనే అనిపించాలి. బిడ్డను పట్టుకుని తల్లిని కొట్టడం బయటి మాట అని, అదే గదిలో, అదే జనం ముందు, ఆయనే లేచి నిలబడి చెప్పాలి. అంతకు తక్కువైతే వద్దు.

మర్నాడు ల్యాబులో పళ్ళేలకు మూతలు పెడుతూ దారి ఆలోచించింది. ఎదురుగా వాదిస్తే లాభం లేదు. ఆయన మళ్ళీ నోరు జారినా గంట ఆ మందుల షాపాయన చేతిలో ఉంటుంది, ఆయన మళ్ళీ నవ్వుతాడు. గంట తన చేతిలో ఉండాలి.

సాయంత్రం మందుల షాపుకు వెళ్ళింది. ఆయన ఆమెను చూడగానే కౌంటరు అవతల కుంచించుకుపోయాడు. "అమ్మా, ఆ రోజు నాకు సరిగ్గా వినపళ్ళేదు..."

"అదేం లేదంకుల్. షాపు, సభ రెండూ మీకు కష్టంగా ఉంది కదా. కొన్నాళ్ళు గంట నేను చూసుకోనా?"

తప్పు చేసినవాడికి శిక్షకు బదులు సెలవు దొరికినట్టయింది. వెంటనే ఒప్పుకున్నాడు.

అప్పటి నుంచి ఆ గది స్వరూపమే మారింది. ఆమె కుర్చీలో నిటారుగా కూర్చునేది. ఎవరు లేచినా "చెప్పండి" అని నమస్కారం పెట్టేది. ఎవరు పక్కదారి పట్టినా టింగుమనేది. నమ్మేవాళ్ళ మీదా మోగేది, నమ్మనివాళ్ళ మీదా మోగేది. ఒకసారి సొంత మొగుడు లేచి "లిఫ్టు దానంతటదే పుట్టదు కదండీ" అని మొదలుపెట్టి ఏ కంపెనీ లిఫ్టు మంచిదో చెప్పడంలోకి దిగితే ఆయన మీదా మోగింది. వేలెత్తి చూపడానికి సందు లేదు. అయితే పక్కదారులంటే ప్రాణం పెట్టేది ఎవరు? మాస్టారే. ప్రెస్సు కబుర్లు చెప్పకుండా ఆయనకు సృష్టి ముందుకు సాగేది కాదు.

"వెలుగు అన్న మాట ఉంది చూశారూ, ఒకసారి మా ప్రెస్సులో..."

టింగ్.

"మాస్టారూ, ప్రెస్సు సంగతి సభ అయ్యాక తీరిగ్గా విందాం. వెలుగు గురించి చెప్తున్నారు."

"అదే చెప్తున్నానమ్మా. వెలుగు అచ్చులో వెలుగులా పడాలంటే..."

టింగ్.

"క్షమించండి. విషయానికి రండి మాస్టారూ."

ఆ 'మాస్టారూ' లో తేనె పూసి ఉండేది. గదిలో అందరూ ఆహా ఏం మర్యాద అనుకునేవారు. ఆ తేనె ఎవరి కోసమో మాస్టారికి మాత్రం తెలిసింది. వారం వారం ఆయన వాక్యాలు పొట్టివయ్యాయి. ఒక మాట అనడం, గంట వంక చూడటం, ఇంకో మాట అనడం. ఆ చూపు ఆమెకు పంచదార. ఆదివారం ఇంటికి వెళ్తూ మెట్ల మీద ఆ చూపును మళ్ళీ మళ్ళీ గుర్తు చేసుకుని చప్పరించేది.

సభకు మంచి పేరొచ్చింది. తిట్టుకోవడాలు పోయాయి. నమ్మనివాళ్ళ తరఫున ఎప్పుడూ నిప్పులు కక్కే డ్రైవింగ్ స్కూలాయన కూడా దారికొచ్చాడు. ఊళ్ళో అందరికీ బ్రేకు వేయడం నేర్పే ఆ మనిషి నోటికి మాత్రం బ్రేకు ఉండేది కాదు. "మీ గంట ముందు మా క్లచ్ ఎందుకూ పనికిరాదమ్మా" అని ఆయనే జోకు వేసేవాడు.

కానీ ఆమె ఆకలి తీరలేదు. నోరు మూయించడం వేరు, నోటితో అనిపించడం వేరు.

దారి మళ్ళీ అత్తయ్యే చూపించింది. కూరలు తరుగుతూ ఏదో మాటల్లో అంది: "పాపం మాస్టారు కూడా సుఖంగా లేడమ్మాయ్. కొడుకు గ్రంథం మీద నమ్మకం లేదన్నాడట. అప్పటి నుంచి తండ్రీకొడుకులకి మాటల్లేవు. వాడు ఆ డ్రైవింగ్ స్కూల్లోనే కారు నేర్చుకున్నాడట, అక్కడ కూర్చుని అంతా చెప్పుకుని ఏడ్చాడట."

ఆమె చేతిలో కత్తి ఆగింది. "మీకెవరు చెప్పారు?"

"మాస్టారే. నేను పాప గురించి చెప్పినప్పుడు ఆయన కొడుకు గురించి చెప్పుకున్నాడు. డ్రైవింగ్ స్కూలు సంగతి ఎవరో ఆయన చెవిన వేశారట."

అంటే ఆ రోజు ఇద్దరు పెద్దవాళ్ళు తమ పిల్లల గురించి చెప్పుకుని బాధపడ్డారు. అందులో ఒకరి బాధ సభకెక్కింది. రెండోది ఇంకా ఎక్కలేదు. ఆమె మిగిలిన కూరంతా చకచకా తరిగేసింది.

ఆ పై ఆదివారం సభ చివర్లో రాబోయే వారం విషయం ప్రకటించింది: సృష్టి గురించి ఇంట్లో పిల్లలకు ఏం చెప్పాలి? గ్రంథం తరఫున ప్రూఫుల మాస్టారు. ఎదురు తరఫున డ్రైవింగ్ స్కూలాయన. అందరూ చప్పట్లు కొట్టారు. మంచి విషయం, ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదే అన్నారు. ఆమె ఎవరికీ ఏ ఉప్పూ అందించలేదు. ఎవరి చెవిలోనూ ఏమీ ఊదలేదు. నీళ్ళు పోసి మూత పెట్టింది, అంతే.

మొగుడికి మాత్రం వాసన తగిలింది. "నువ్వు చేస్తున్నది నాకు తెలుస్తోంది" అన్నాడు, పాపకు బట్టలు తొడుగుతూ. "లిఫ్టు లోపల మనుషులుండగా మేం తాళ్ళు తెంపి చూడం. ఎంత వెధవలున్నా సరే."

"నేను తాడు ముట్టుకోలేదు."

"ముట్టుకోనక్కర్లేదుగా. ఎవడు ముట్టుకుంటాడో నీకు తెలుసు."

"ఆయనకీ తెలుసు, ఆ రోజు ఎవరు నవ్వుతారో."

మొగుడు పాప చొక్కా గుండీలు ఒక కాజా కిందికి పెట్టి, మళ్ళీ విప్పి సరిచేశాడు.

ఆదివారం గది నిండిపోయింది. అత్తయ్య కూడా ఆయాసపడుతూ మెట్లెక్కి ముందు వరసలో కూర్చుంది. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఎప్పుడూ లేనిది ఆ రోజు పక్కదారి పట్టకుండా మాట్లాడాడు.

"పిల్లకి మొదట ఆనుకోవడానికి ఒక గోడ కావాలి. నిన్నొకరు కావాలని పుట్టించారు, నువ్వు పొరపాటున రాలేదు అని చెప్పాలి. గ్రంథం చెప్పేది అదే. కిటికీలు తర్వాత పెట్టుకోవచ్చు. నక్షత్రాలు ఎంత పాతవో, ఎముకలు ఎక్కడ దొరికాయో, అవన్నీ కిటికీలు. గోడ లేని ఇంటికి కిటికీ ఎక్కడ పెడతారు?"

ఆ మాట ఆమెకు నచ్చింది. నచ్చినందుకు ఒళ్ళు మండింది. పాపను పడుకోబెట్టేటప్పుడు తను చెప్పేది దాదాపు అదే. తన మాటను ఆ నోట్లోంచి వినాల్సి వచ్చింది.

డ్రైవింగ్ స్కూలాయన లేచాడు. మొదట బాగానే మొదలుపెట్టాడు. "నాకు తెలీదు అనడం కూడా పిల్లలకి నేర్పాలండీ. మా అమ్మాయి 'అన్నిటికంటే ముందు ఏముంది నాన్నా' అంది. తెలీదమ్మా, కలిసి వెతుకుదాం అన్నాను. అది అబద్ధం కంటే మంచి గోడ కాదా?" కొందరు చప్పట్లు కొట్టారు. చప్పట్లతో ఆయనకు వేగం వచ్చింది. వేగం వస్తే ఆయన సంగతి తెలిసిందే.

"అయినా మాస్టారూ, మీ గోడ సంగతి నాకు తెలీదా? మీ అబ్బాయికి మీరు కట్టారుగా. ఏమైంది? నా దగ్గర బండి నేర్చుకుంటూ నాతోనే చెప్పాడు. 'దీవించమని మా నాన్నకి నా పెళ్ళి శుభలేఖ పంపితే, ఎర్ర సిరాతో తప్పులు దిద్ది వెనక్కి పంపాడు సార్' అని!"

గది పగిలిపోయింది. నవ్వు ముందు వరస నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు అలలా కొట్టింది. అదే నవ్వు. ఆమె గుర్తుపట్టింది. ఆమె చెయ్యి గంట మీదే ఉంది. చల్లటి ఇత్తడి వేళ్ళకు తగులుతోంది. మాస్టారి ముఖం కాగితంలా తెల్లబడటం చూసింది. ఆయన కళ్ళు గంట కోసం వెతకడం చూసింది. చూడనిచ్చింది. నవ్వు దానంతటది అలిసిపోయేదాకా, ఎవరో చివర్లో దగ్గేదాకా ఆగింది. అప్పుడు కొట్టింది.

టింగ్.

"మాస్టారూ, నియమం ప్రకారం మీరు లేవాలి" అంది తేనె గొంతుతో.

మాస్టారు బల్ల అంచు పట్టుకుని లేచాడు. "ఇది... బయటి మాట."

"ఎందుకో చెప్పాలి మాస్టారూ. మీరు పెట్టిన నియమమే."

"ఎందుకంటే... ఒక మనిషిని అతని బిడ్డను పట్టుకుని కొట్టడం వాదన కాదు."

"వెనక వరసకి వినపడలేదనుకుంటాను. దయచేసి ఇంకొక్కసారి."

"అమ్మాయ్, చాలే!" అంది అత్తయ్య ముందు వరసలోంచి.

"అత్తయ్యా, సభలో మధ్యలో మాట్లాడకూడదు."

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "బిడ్డను పట్టుకుని మనిషిని కొట్టడం వాదన కాదు. అది బయటి మాట." ఈసారి గోడకు తగిలి వెనక్కి వచ్చేంత గట్టిగా వినపడింది. నవ్విన ముఖాలు కొన్ని ఆమె వైపు తిరిగాయి. మందుల షాపాయన తల వంచుకున్నాడు. ఎన్నో వారాలుగా ఆమె వంటింట్లో, ల్యాబులో, మెట్ల మీద ఊహించుకున్న మాట, ఊహించుకున్నట్టే పడింది.

"వెనక్కి తీసుకుంటున్నానండీ" అన్నాడు డ్రైవింగ్ స్కూలాయన, చెమట తుడుచుకుంటూ. "నోరు జారింది."

నియమం ప్రకారం అక్కడితో అయిపోవాలి. మాస్టారు కూర్చోలేదు.

"అధ్యక్షురాలిని ఒకటి అడగొచ్చా?"

"విషయం మీదైతే అడగండి."

"గంట గురించి. మీ చెయ్యి మొదటి నుంచీ దాని మీదే ఉంది. నేను చూశాను. ఎందుకు ఆగారు?"

అబద్ధం చెప్పొచ్చు. నాకు సరిగ్గా వినపళ్ళేదు అనొచ్చు, మందుల షాపాయన అన్నట్టు. ఆమె నోటికి ఆ మాట రాలేదు.

"ఆ నవ్వు మీరు వినాలని ఆగాను."

మాస్టారు తల ఊపాడు, ప్రూఫులో తను వెతుకుతున్న తప్పు దొరికినట్టు. "అయితే మనిద్దరికీ చెల్లుకి చెల్లు."

"చెల్లు ఎలా అవుతుంది మాస్టారూ?" గొంతు పెంచలేదు. కానీ తేనె ఎక్కడికి పోయిందో పోయింది. "మీ అబ్బాయికి మాటలొచ్చు. మీతో ఆడటం లేదు, అంతే. రేపు మీరు వెళ్ళి తలుపు తడితే ఆడతాడేమో. మా పాప ఎవరితోనూ మాట్లాడదు. నేను ఏ తలుపు తట్టను?"

అన్నాక తెలిసింది ఏమన్నదో. అధ్యక్షురాలి కుర్చీలో కూర్చుని, నిలబడి ఉన్న మనిషిని, అందరి ముందూ, అతని బిడ్డను పట్టుకుని కొట్టింది. గదిలో గంట ఒక్కటే, అది ఆమె చేతి కింద ఉంది.

కొట్టింది. తన మీదే.

ఎవరికీ ఏం చేయాలో తెలియలేదు. ఇలాంటిది ఆ గదిలో ఎప్పుడూ జరగలేదు. నియమం ప్రకారం దెబ్బ తిన్న మనిషి చెప్పాలి. ఆయన ఎలాగూ నిలబడే ఉన్నాడు.

మాస్టారు కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకోవడం మరిచిపోయి చేతిలోనే పట్టుకున్నాడు.

"అది బయటి మాట కాదు" అన్నాడు. "ఇవాళ విషయం పిల్లలకి ఇంట్లో ఏం చెప్పాలని. ఆ అమ్మాయి అన్నది విషయం మీదే ఉంది. ఆ రోజు నేనన్నదే బయటి మాట. గ్రంథంలోని 'మాట' అన్న మాటను అడ్డం పెట్టుకుని అన్నాను. గంట మోగలేదు కాబట్టి వెనక్కి తీసుకోలేదు. అక్షరం ప్రకారం నాకు ఆ హక్కుంది అనుకున్నాను." కళ్ళజోడు పెట్టుకున్నాడు. "ఇప్పుడు తీసుకుంటున్నాను."

ఇలాంటి క్షణం కోసం ఆమె జవాబులు చాలా తయారు చేసి పెట్టుకుంది. కొన్ని పదునైనవి, కొన్ని చల్లటివి, ఒకటి రెండు చప్పట్లు పడేవి. ఏదీ గుర్తు రాలేదు.

"కూర్చోండి మాస్టారూ" అంది. "తర్వాత ఎవరు?"

సభ నడిచింది. తర్వాత ఎవరు లేచారో, నక్షత్రాల వెలుగు గురించి ఏం చెప్పారో ఆమెకు గుర్తు లేదు. అధ్యక్షురాలిగా ఆ ఒక్కరోజే ఆమె చెవులు పనిచేయలేదు.

మెట్లు దిగుతూ అత్తయ్య సణిగింది. "ఆ వయసు మనిషితో అంత పని చేయించాలా? చూడలేకపోయాను తల్లీ."

"ఇకమీదట నా పిల్ల సంగతి మన గడప దాటకూడదత్తయ్యా" అంది ఆమె, అంతే మెల్లగా. అత్తయ్య కొంగు సర్దుకుని మిగిలిన మెట్లన్నీ దిగింది.

ఇంటి దగ్గర మొగుడు అడిగాడు. "కడుపు నిండిందా?"

ఆమె అబద్ధం చెప్పదలుచుకోలేదు. పగ తీర్చుకున్నాక మనసు ఖాళీ అయిపోతుందనీ ఏడుపొస్తుందనీ ఎవరెవరో అనగా విన్నది. అదేం లేదు. తియ్యగా ఉంది. నాలుక చివర నుంచి గొంతు దాకా తియ్యగా ఉంది.

"నిండింది" అంది. పాపను ఒళ్ళోకి తీసుకుని, రెండు చేతుల్తో ఆ ముఖం పట్టుకుని, ఆ పెదాలను కావలసినంత సేపు చూసుకుంది. పాప విసుక్కుని ముక్కు పట్టుకుని లాగింది.

మాస్టారు ఇక రాడని గదిలో అందరూ అనుకున్నారు. రాకపోతే ఎలా ఉంటుందోనని ఆమె కూడా వారమంతా అనుకుంది. మరుసటి ఆదివారం ఆమె గది తలుపు తీస్తుండగా ఆయన అందరికంటే ముందే వచ్చి, మెట్ల మలుపు దగ్గర ఆయాసం తీర్చుకుంటూ కనిపించాడు. కింద షాపువాళ్ళు అప్పుడే మెట్లు కడిగారు.

"నమస్కారం అమ్మా."

"నమస్కారం మాస్టారూ. రండి."

ఆయన ఇంకో రెండు మెట్లెక్కి ఆగాడు. ఏదో అడగాలని వచ్చినట్టుంది, దాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనట్టుంది. చివరికి, ఏ వంకరా లేని గొంతుతో అడిగాడు.

"పాప ఎలా ఉందమ్మా?"

ఆమె నవ్వింది. ఆ గదిలో అందరూ ముచ్చటపడి చూసే నవ్వే అది.

"ఆ సంగతి మీకు ఎప్పటికీ చెప్పను మాస్టారూ" అంది. "మెట్లు తడిగా ఉన్నాయి. మెల్లగా రండి."